కాఫీ హోటల్ బల్లలు మగ్గమైన సంగతి

హిందూపురంలో మా అంగడి నుంచి బయటికి పోయిన ఏ కుర్చీనైనా తిరగేసి చూడండి. అడుగున పెన్సిలుతో నా చేతిరాత ఉంటుంది. ఏ ఊరి నుంచి వచ్చింది, ఏం విరిగింది, ఏం మార్చాం, అంతా నాలుగు ముక్కల్లో. అది నిజం. ఆ కుర్చీలో కూర్చోబోయేవాళ్ళకు నేను నోటితో చెప్పేది వేరే ఉంటుంది. అది కథ. నిజం అడుగున, కథ పైన. ఇన్నేళ్ళుగా ఈ రెండూ ఒకదానికొకటి తగలకుండా అంగడి నడుపుకొచ్చాను. తగిలింది ఒక్కసారే. ఆ ఒక్కసారీ మా వదిన కాళ్ళ దగ్గర తగిలింది.

నేను పుట్టింది ధర్మవరంలో, మగ్గాల ఇంట్లో. మా ఆయన వాళ్ళదీ నేతే. అయితే ఆయనకు దారం కంటే కొయ్య మీద ప్రేమ. చుట్టుపక్కల వాళ్ళ మగ్గాలు బాగుచేస్తూ చేస్తూ వడ్రంగం పట్టుబడింది. పెళ్ళయ్యాక ఇద్దరం హిందూపురం వచ్చి పాత సామాన్ల అంగడి పెట్టాం. తూకానికి కొని తూకానికి అమ్మే రకం కాదు మాది. విరిగిన మంచం తెస్తే బాగుచేసి ఇస్తాం. వద్దనుకున్న బల్ల ఇస్తే తీసుకుని, దాన్ని మనిషిని చేసి, కావలసిన ఇంటికి చేరుస్తాం. ఉద్యోగం మీద కొత్తగా ఊళ్ళోకి వచ్చినవాళ్ళకు మంచాలు, కుర్చీలు బాడుగకిస్తాం, ఊరు మారేటప్పుడు వెనక్కి తెచ్చుకుంటాం. మా దగ్గర తీసుకున్నది ఎప్పుడు విరిగినా మళ్ళీ మా దగ్గరికే రావాలి, పొయ్యిలోకి పోకూడదు. అదొక్కటే షరతు. ఈమధ్య బెంగళూరు నుంచి చదువుకున్న పిల్లలు ఇద్దరు వచ్చి, మేము చేసే పనికి ఇంగ్లీషులో ఏదో పెద్ద పేరు ఉందని చెప్పి, ఫోటోలు తీసుకుని పోయారు. మా ఆయన అంతా విని, “పేరు సంగతి సరేలే, ఆ కాలు గట్టిగా పట్టుకో” అన్నాడు నాతో. ఆ రోజుకు ఆయన మాట్లాడింది అంతే.

ఒక కాలు విరిగిందని కుర్చీని పారేస్తారు జనం. తక్కిన మూడు కాళ్ళూ ఏం తప్పు చేశాయి? ఈ మాట అడిగితే ఒక్కరూ జవాబు చెప్పలేరు. కుర్చీ నా చేతిలో పెట్టి పోతారు.

కొయ్యపని ఆయనది, నేతపని నాది. నవారు, నులక, ప్లాస్టిక్ వైరు, ఏదైనా సరే. పట్టు మీద నేర్చుకున్న చేయి కదా, నేను నేసిన కుర్చీలో ఏనుగును కూర్చోబెట్టినా అడుగు కుంగదు. కూర్చోబెట్టి చూశాను కూడా. సరే, ఏనుగు కాదు, మా ఊరి కోఆపరేటివ్ సొసైటీలో పనిచేసి రిటైరైన ఒకాయన. పెద్ద తేడా లేదు.

కథలు ఎందుకంటారా? పాత వస్తువు అనగానే కొనేవాళ్ళ ముఖం చిన్నబోతుంది. ఎవరో వాడి వదిలేసినది మన ఇంటికి తెచ్చుకుంటున్నామే అని లోపల పొడుచుకుంటుంది. ఆ చిన్నతనం నాకు గిట్టదు. అందుకని ఆ మంచానికో బల్లకో ఒక గొప్ప పుట్టుక కల్పిస్తాను. నల్లమాడ నుంచి వచ్చిన మండీ బల్ల సొరుగు తీస్తే శెనక్కాయలు వేయించిన వాసన వస్తుందని చెప్పాను. కొన్నాయన నెల తర్వాత వచ్చి, నిజమేనమ్మా, వాన పడినప్పుడు ఇంకా బాగా వస్తోంది అన్నాడు. కర్ణాటక సరిహద్దులోని అగళి నుంచి వచ్చిన మంచం కన్నడంలో కిర్రుమంటుందని చెప్పాను. తీసుకున్నామె కన్నడామే. రెండు రోజులు పడుకుని చూసి, “మీ మంచం కన్నడ సరిగ్గా మాట్లాడదమ్మా, నేను నేర్పిస్తాండా” అంది. ఇంత సరదా మనుషులున్న చోట నోరు కట్టుకుని ఎట్లా బతకడం?

పెనుకొండ బస్టాండుకు దగ్గర్లో ఒక కాఫీ హోటల్ ఉంది. దాని యజమానికి అరవై దాటి ఉంటాయి. వాళ్ళ నాయన కాలంలో చేయించిన టేకు బల్లలు, పొడుగువి, ఒక్కొక్కటీ ఎనిమిది అడుగులు, రెండు వేళ్ళ మందం. ఒక రోజు ఆయన నుంచి ఫోను వచ్చింది. పోయి చూస్తే హోటలంతా స్టీలు టేబుళ్ళు, ప్లాస్టిక్ కుర్చీలు మెరుస్తున్నాయి. టేకు బల్లలు పెరట్లో ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. ఆయన వాటికి వీపు పెట్టి నిలబడి ఉన్నాడు.

“కొడుకు స్టీలు కావాలన్నాడమ్మా. తుడిస్తే పోతాదంట మరక. వీటికి అట్ల పోదు కదా.”

“మంచిదే అన్నా. మరక పోనిది నాకియ్యి.”

“పొయ్యి లోకి మాత్రం ఇయ్యొద్దు. అడిగినోళ్ళు ఉండారు కట్టెలకు. నేను ఇయ్యలేదు. మా నాయన చేయించినవి.”

“పొయ్యిలో పెట్టేదానికి హిందూపురం నుంచి వస్తానా? పెనుకొండలో పొయ్యిలు లేవా?”

ఆయన నవ్వాడు. “యాడికి పోతాయో ఏమైతాయో నాకు చెప్పాల” అన్నాడు. చెప్తానన్నాను. పెన్సిలు తీసి ఒక్కో బల్లనూ తిరగేసి ఆయన ముందే రాశాను: పెనుకొండ, కాఫీ హోటల్, తండ్రి చేయించినవి, ఒక బల్లకు కాలు మార్చాలి. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివి, సరిగ్గా ఉందని తలూపాడు.

ఆ బల్లలు మా అంగడిలో గోడకు ఆనించి ఉండగానే ధర్మవరంలో మా వదిన పడిపోయింది.

మా వదిన అంటే మా అన్న భార్య. మా ఇంట్లో రెండు గుంత మగ్గాలు. గుంత మగ్గం అంటే నేలలో గుంత తవ్వి, దాని అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి దించి అడుగున ఉన్న చెక్కలు తొక్కుతూ నేసేది. ఒకదాని మీద మా అన్న, ఒకదాని మీద వదిన. చీర అన్నది అయినా కొంగు దగ్గరికి వచ్చేసరికి లేచి వదినను కూర్చోబెట్టేవాడు. ఆమె చేతిలో జరీ మాట వింటుంది, మా అన్న చేతిలో వినదు. ఈ మాట మా అన్నే చెబుతాడు. అటువంటి మనిషి ఒక మధ్యాహ్నం గుంతలో నుంచి పైకి లేస్తూ కాలు జారింది. మోకాలి చిప్ప విరిగింది. ఆపరేషన్ అయింది, నడక వచ్చింది. కానీ డాక్టరు ఖండితంగా చెప్పాడు: ఇక గుంతలోకి దిగడం, ఎక్కడం లేదు. ఈ జన్మకు లేదు.

చూడడానికి పోయాను. వదిన గోడకు ఆనుకుని కూర్చుని తెల్లగడ్డలు వలుస్తోంది. నాతో మామూలుగానే మాట్లాడింది, వెక్కిరించింది, కాఫీ పెట్టించింది. మాట్లాడుతూ మాట్లాడుతూ చేతులు ఖాళీ అయ్యేసరికి కుడి చేయి ఒడిలో ఇటు నుంచి అటు జరిగింది, ఎడమ చేయి అందుకుంది. మళ్ళీ అటు నుంచి ఇటు. లేని నాడెను, అడ్డ దారం మోసుకుపోయే ఆ కొయ్యముక్కను, విసురుతోంది. ఆమెకు తెలియదు. 

“వదినా, పైన కూర్చుని నేసే మగ్గం ఉంటాది కదా, స్టాండు మగ్గం. అది పెట్టుకో.”

“ఇనుముది చూసినారు మీ అన్న. ఇనుము చెమ్మ పడితే తుప్పు. పట్టు మీద తుప్పు మరక పడితే పోతాదా? పచ్చి కొయ్యది చేపిస్తే ఎండి వంకరపోతాది. ఒక పక్క పడుగు బిగువు, ఒక పక్క వదులు. దాని మీద నేసేది చీర కాదు, గోనెసంచి.” మళ్ళీ తెల్లగడ్డ చేతిలోకి తీసుకుంది. “నాది అయిపోయిందిలేమ్మే.”

“పచ్చి కొయ్య ఎందుకు? వంగాల్సినంత వంగి, ఎండాల్సినంత ఎండి, ఇంక కదిలేదే లేదని మొండికేసిన కొయ్య నా దగ్గర ఉండాది.”

“నీ దగ్గర లేనిది ఏముండాది. నోరు పెద్ద అంగడి కదా” అంది వదిన. కానీ నా ముఖంలోకి చూసింది. ఆ చూపు నాకు చాలు.

ఆమె చీర నేసే పట్టు దారం ఒకటి తీసుకుని, ఆమెను బల్ల మీద కూర్చోబెట్టి, మోకాలి నుంచి మడమ దాకా పట్టి ముడి వేశాను. నడుము నుంచి మోకాలి దాకా ఇంకో ముడి. చేయి చాచితే ఎంత దూరమో ఇంకో ముడి. మూడు ముళ్ళ దారం జాకెట్టులో దోపుకుని హిందూపురం వచ్చాను. టేపులు ఉన్నాయి మా దగ్గర. కానీ మగ్గం మనిషికి కుట్టే చొక్కా లాంటిది. అంకెలతో కుదరదు.

మా ఆయన ఆ దారాన్ని ఎదురుగా మేకుకు తగిలించుకుని పని మొదలుపెట్టాడు. రెండేసి పలకలను వీపుకు వీపు కలిపి బోల్టు బిగించి నాలుగు నిలువు కొయ్యలు. మిగిలిన బల్లల నుంచి అడ్డ కొయ్యలు, కూర్చునే పలక, తొక్కుడు చెక్కలు. పడుగు చుట్టే దూలం, పోగులను దగ్గరికి కొట్టే అచ్చు పాత మగ్గానివే పెట్టుకోవచ్చు. కొలిచి కోసి, కోసింది మళ్ళీ దారానికి పట్టి చూసి, ఒక రోజు ఆయన నాతో ఏకంగా మూడు వాక్యాలు మాట్లాడాడు. “ఈ కొయ్య చూడు. ఎన్నేండ్ల కొయ్య. ఉలి పెడితే పాడుతాండాది.” పెళ్ళయినప్పటి నుంచి నన్ను చూసి అట్లా అనలేదు.

చిత్రిక పట్టి నున్నగా చేశాడు. పట్టు దారం తగిలితే చీలకూడదు కదా. ఆ చిత్రికలో నేను పెనుకొండలో రాసిన పెన్సిలు రాత అంతా రజనుగా రాలిపోయింది. ఊడ్చి ఎత్తి పారబోశాను. అప్పుడు నాకేమీ అనిపించలేదు. మగ్గం నిలబెట్టాక మళ్ళీ రాద్దాంలే అనుకున్నాను.

మగ్గాన్ని విప్పి టెంపోలో వేసుకుని పెనుకొండ మీదుగా ధర్మవరం చేరాం. మా వీధిలో ఇంట్లో ఏ కొత్త వస్తువు దిగినా వీధంతా వాకిట్లో ఉంటుంది. కొయ్యలు ఒక్కొక్కటీ దింపుతుంటే ఎదురింటామె నడుం మీద చేయి పెట్టుకుని నిలబడింది.

“ఏమ్మే, మగ్గం అంటివి. పాత బల్లలు దించుతాండావే? కాళ్ళిరిగినవన్నీ కలిపి మీ వదినకు కట్టియ్యాలనా?”

“ఆమెది కూడా కాలు విరిగిందే కదా, సరిపోతాదిలే” అని ఇంకెవరో అన్నారు. నవ్వులు.

నేను వదిన వైపు చూశాను. గడప పట్టుకుని నిలబడి ఉంది. తల దించుకుంది. నా వస్తువును ఎవరైనా చిన్నచూపు చూస్తే నేను సహిస్తాను, తిప్పి నాలుగు అంటాను. మా వదిన తల దించుకోవడం మాత్రం నా వల్ల కాలేదు. నోరు దానంతట అదే తెరుచుకుంది.

“పాత బల్లలా? కండ్లు తుడుచుకుని చూడండమ్మా. ఇది పెనుకొండ కోటలో స్వామివారి ఉయ్యాల! స్వామి, అమ్మవారు ఊగిన ఉయ్యాల. కొత్తది చేపించుకుని పాతది తీసి పెట్టినారు. రాజుల కాలం టేకు. నిలువు కొయ్య, అడ్డ కొయ్య, తొక్కుడు చెక్క, అన్నీ దాంట్లోవే. ఎవురికీ ఇయ్యము అని వాళ్ళంటే, పట్టు నేసే చేతి కోసం అని అడిగి తెచ్చినా!”

 ఎదురింటామె చెప్పులు వదిలి వచ్చి కొయ్యను తాకి కళ్ళకద్దుకుంది. మా ఆయన నా వైపు ఒక్క చూపు చూసి బోల్టుల సంచి వెతుక్కున్నాడు. నాకు మాత్రం ఛాతీ ఇంతైంది. పెద్ద పెద్ద అబద్ధాలు చాలా చెప్పాను గానీ, ఒక్క ఊపిరిలో వీధి వీధినంతా వంచింది అదే.

సాయంత్రానికి మగ్గం నిలబడింది. వదిన పసుపు రాసింది, కుంకుమ పెట్టింది, కొబ్బరికాయ కొట్టింది. పడుగు ఎక్కించారు. కొలత పట్టిన దారం వమ్ము కాలేదు. కూర్చునే పలక మీద కూర్చోగానే ఆమె కాలు అడుగున ఉన్న చెక్క దాకా సరిగ్గా దిగింది. మోకాలు మడవనక్కర్లేదు, చాచనక్కర్లేదు. వీధి ఆడవాళ్ళంతా లోపలికి వచ్చి చూస్తున్నారు.

వదిన వంగి చెక్కను తాకి కళ్ళకద్దుకుంది. రోజూ చేసేదే అది. కాలు ఎత్తింది. ఎత్తిన కాలు అట్లాగే ఆగిపోయింది. మెల్లగా వెనక్కి తీసుకుని, పలక మీద నుంచి కూడా లేచి నిలబడింది.

“ఏమైంది వదినా? నొప్పా?”

“స్వామి ఊగిన ఉయ్యాలమ్మే ఇది. తొక్కేదెట్ల?”

 నేను చేసిన పని నాకు అప్పుడు అర్థమైంది. ప్రతి పాత వస్తువుకూ గొప్ప పుట్టుక కల్పించడం నాకు అలవాటు. కుర్చీకి, బీరువాకు అది సరిపోతుంది. మగ్గం తొక్కేది. తొక్కేదానికి దేవుణ్ణి తెచ్చి కట్టాను.

“చెక్కలు మారుస్తాలే, వేరేవి వేస్తాం” అన్నాను.

“కూర్చునే పలక? అదీ ఆయనదే అంటివి. ఆయన పీట మీద నేను కూర్చోవాలనా? వద్దమ్మే. పసుపు కుంకుమ పెట్టినా. మూలన పెట్టి దీపం పెట్టుకుంటా. అంతే నాకు రాసి పెట్టింది.” పోయి గోడకు ఆనుకుని కూర్చుంది. చేతులు ఒడిలో పెట్టుకుంది. కుడి చేయి ఇటు నుంచి అటు జరిగింది.

ఇంక చేసేదేముంది? అందరి ముందూ నిలబడి చెప్పేశాను. ఉయ్యాల లేదు, కోట లేదు, అది పెనుకొండ కాఫీ హోటల్ బల్ల అని. జీవితంలో అంత కష్టపడి నేను ఏ మాటా చెప్పలేదు.

వదిన నవ్వలేదు. కోప్పడలేదు. నమ్మలేదు.

“నా బాధ చూడలేక ఇప్పుడు అబద్ధం చెప్తాండావు.”

“నిజం వదినా!”

“నా పెండ్లయి ఈ ఇంటికి వచ్చినప్పుడు ఏం చెప్పినావు? ఈ ఇంట్లో మగ్గం తెల్లారుజామున దానంతటదే నేస్తాది అని చెప్పినావా లేదా? పదైదు రోజులు కోడి కూయకముందే లేచి మగ్గానికి కాపలా కాసినా. నీ నిజం నాకు తెలీదా?”

వీధి ఆడవాళ్ళంతా పగలబడి నవ్వారు. మా ఆయన ముందుకు వచ్చి, “హోటల్ బల్లే చెల్లెమ్మా” అన్నాడు.

“నువ్వు మంచోడివి అన్నా. అందుకే ఆమె ఏం చెప్తే అదే చెప్తావు.”

పెన్సిలు రాత చూపిద్దామంటే అది ఏ రోజో చిత్రికలో రాలిపోయింది. నా నిజాలన్నీ అడుగున ఉంటాయని గొప్పలు పోయేదాన్ని. ఆ అడుగే ఇప్పుడు నున్నగా ఉంది.

మర్నాడు పొద్దున్నే పెనుకొండ బస్సెక్కాను. హోటల్ యజమాని స్టీలు టేబుల్ వెనక కూర్చుని ఉన్నాడు. జరిగిందంతా చెప్పాను. ఆయన ముఖం వెలిగిపోయింది.

“మా నాయన బల్లకు పసుపు కుంకుమ పెట్టినారా?”

“పెట్టినారు.”

“కొబ్బరికాయ?”

“కొట్టినారు. నువ్వొచ్చి అది హోటల్ బల్ల అని చెప్పాల అన్నా.”

“ఎందుకు చెప్పాల? ఇన్నేండ్లు అందరూ దాని మీద చేయి తుడుచుకున్నోళ్ళే. ఇప్పుడన్నా మొక్కించుకోనీ.”

నేను మా వదిన చేతులు చేసేది చేసి చూపించాను. ఆ టేబుల్ మీదే. కుడి చేయి ఇటు నుంచి అటు, ఎడమ చేయి అందుకోవడం, మధ్యలో ఏమీ లేకపోవడం. ఆయన కాసేపు చూశాడు. లోపలికి కేకేసి భార్యకు హోటల్ అప్పగించి చెప్పులు తొడుక్కున్నాడు.

బస్సులో దారి పొడుగునా చెప్పాను: “నిజం ఒక్కటే చెప్పు అన్నా. దానికి తోక, తొండం ఏమీ వద్దు.”

“నాకు నేర్పిస్తాండావా? నీ మాదిరి కాదు నేను.”

మా ఇంట్లో అడుగుపెట్టాడు. మగ్గం చూశాడు. నాలుగు కొయ్యల మధ్య తన బల్లలు ఎత్తుగా నిలబడి, పసుపు పూసుకుని, ఎర్రటి పడుగు మోస్తూ ఉండడం చూసి, ఆయన గడప దగ్గరే ఆగిపోయాడు. వీధి మళ్ళీ లోపలికి వచ్చింది, ఎదురింటామె అందరి కంటే ముందు. ఇంతమందిని చూసేసరికి ఆయనకూ పూనకం వచ్చింది.

“అమ్మా, ఈ బల్ల అంటే మాటలు కాదు. ఒకసారి ఏమైందంటే, కలెక్టరు జీపు మా హోటల్ ముందర…”

వెనక నుంచి మోచేత్తో పొడిచాను. ఆయన దగ్గి, గొంతు సవరించుకున్నాడు.

“హోటల్ బల్లమ్మా. అంతే. భోజనాలైపోయినాక నేను దీని మీద పండుకునేవాణ్ణి. నాకన్నా ముందు మా నాయన.”

వదిన ఆయనకు మర్యాదగా కుర్చీ వేయించింది. తర్వాత అంది: “మా మరదలు మిమ్మల్ని ఇంత దూరం పిల్చుకొచ్చింది. నా మీద ప్రేమతోనే. మీరు కూడా దయతో చెప్తాండారు. కానీ అన్నా, నా కాలు ఒప్పుకోవల్ల కదా.”

అయిపోయిందనుకున్నాను. నిజం చెప్పేవాళ్ళు ఇద్దరైనా, ముగ్గురైనా మా వదిన ముందు పనికిరారు. నేను ఇన్నేళ్ళు చెప్పిన కథలన్నీ వరుసగా వచ్చి ఆ మగ్గానికీ ఆమెకూ మధ్య కూర్చున్నాయి.

హోటలాయన కుర్చీలో కూర్చోలేదు. మగ్గం చుట్టూ తిరిగాడు. కూర్చునే పలక అడుగున చేయి పెట్టి తడిమాడు. “ఈ పక్క చిత్రిక పట్టలేదే?” అని మా ఆయనను అడిగాడు. దారం తగలని పక్క కదా, పట్టలేదు, బల్ల పైభాగమే కిందికి తిప్పి వేశానన్నాడు మా ఆయన.

“అమ్మా, ఒక చెంబు వేన్నీళ్ళు తెప్పియ్యి. బాగా కాగినవి. ఒక గుడ్డ.”

వచ్చాయి. ఆయన నేల మీద మోకాళ్ళు వేసి, గుడ్డను వేడినీళ్ళలో ముంచి, పలక అడుగున రుద్దడం మొదలుపెట్టాడు. హోటల్ కట్టేసే ముందు రోజూ రుద్దినట్టే రుద్దాడు. ఒకసారి, రెండుసార్లు. ఆవిరి లేచింది.

“ఇప్పుడు రండి. వాసన చూడండి.”

ముందు ఎదురింటామె వంగింది. వంగిన మనిషి ఒక్కసారిగా లేచి అరిచింది: “ఎర్రగడ్డ దోసె!”

ఇంకొకామె వంగింది. “కాఫీ కూడా ఉండాదే! డికాషన్ వాసన!”

“నూనె! సెట్ దోసె నూనె!”

అందరూ వంగేవాళ్ళే. మా అన్న కూడా వంగాడు. లేచి, ఆకలేస్తాండాది అన్నాడు.

వదిన కర్ర పట్టుకుని లేచి వచ్చింది. పలక పట్టుకుని మెల్లగా వంగింది. చాలాసేపు వంగే ఉంది. ఎర్రగడ్డ అంటే మా వైపు ఉల్లిగడ్డే. ఎన్నేళ్ళ ఉల్లిగడ్డలు, ఎన్ని వేల దోసెలు, ఎంతమంది చేతులు తుడుచుకున్న నూనె అందులో ఇంకి ఉందో నాకు తెలియదు. లేచి నన్ను అడిగింది:

“స్వామి ఎర్రగడ్డ తింటాడామ్మే?”

“తినడు వదినా.”

“ఉయ్యాల మీద కూర్చుని?”

“అసలే తినడు.”

ఆమె పెదవి మొదట ఒక పక్క కదిలింది. తర్వాత రెండో పక్క. కాలు విరిగినప్పటి నుంచి ఎవరూ వినని నవ్వు అది, పొట్ట పట్టుకుని, కర్ర వదిలేసి, మా అన్న భుజం మీద పడి నవ్విన నవ్వు. “నిజమే చెప్పింది! నా మరదలు నిజం చెప్పింది! ఈ పొద్దు ధర్మవరంలో వాన పడాల!”

నవ్వుతూనే పలక మీద కూర్చుంది. వంగి చెక్కను తాకి కళ్ళకద్దుకుంది. కాలు దించింది. తొక్కింది.

మా ఆయన చేసిన కొయ్య కిర్రుమనలేదు. పడుగు విచ్చుకుంది. నాడె ఇటు నుంచి అటు పోయింది. ఈసారి నిజం నాడె. అచ్చు వచ్చి తగిలింది. టక్. మళ్ళీ తొక్కింది. టక్. పది పోగులు పడేసరికి నవ్వు ఆగి, ముఖం పనిలో పడ్డ ముఖమైపోయింది. ఇంక మేమెవరమూ ఆ గదిలో లేము ఆమెకు.

హోటలాయన తడిగుడ్డ చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. గుడ్డ నుంచి నీళ్ళు ఆయన పాదాల మీద కారుతున్నాయి. “మా నాయన బల్ల పట్టుచీర నేస్తాండాది” అన్నాడు ఎవరితోనూ కాకుండా. తర్వాత నాతో, మెల్లగా: “మీరిద్దరూ మంచి పని చేసినారమ్మా.” మా ఆయన గోడ వైపు తిరిగి బోల్టుల సంచి సర్దుకోవడం మొదలుపెట్టాడు. అందులో సర్దేందుకు ఏమీ లేదు. ఖాళీ సంచి. ఆయన చెవులు ఎర్రబడడం నేను చూశాను. నావీ వేడిగానే ఉన్నాయి. మా చేతుల మీదుగా ఎన్నో మంచాలు నిలబడ్డాయి, ఎన్నో బీరువాలు పరువు దక్కించుకున్నాయి. కానీ ఒక మనిషి చేతులు తిరిగి వాటి చోటికి పోవడం ఆ రోజే చూశాను.

ఇప్పుడు పెనుకొండలో ఆయన హోటల్‌కు పోతే, స్టీలు టేబుల్ మీద కాఫీ పెడుతూ, మా నాయన చేయించిన బల్ల ధర్మవరంలో రోజుకు ఒక చీర దించుతోందని చెబుతాడు. రోజుకు ఒక చీర ఎవరి వల్లా కాదు. నేను సరిదిద్దను. కథ ఆయనది, ఆయన ఇష్టం.

ఆ రోజు వదిన నేస్తుండగానే, రాలిపోయిన పెన్సిలు రాత నాకు గుర్తొచ్చింది. కొప్పులో దోపుకున్న పెన్సిలు తీసి, కొంగు నడుముకు చుట్టుకుని, మగ్గం కిందికి దూరి వెల్లకిలా పడుకున్నాను. నా ముక్కు పైన తొక్కుడు చెక్క, చెక్క పైన వదిన కాలు.

“ఏం చేస్తాండావమ్మే కింద?”

“నిజం రాస్తాండా. ఒక్క నిమిషం కాలు ఆపు.”

“ఆపను. ఇన్ని నెలలు ఆపింది చాలు. అట్లే రాయి.”

“ఏం రాయమంటావు?”

టక్. టక్. ఆలోచించింది. “పెనుకొండ కాఫీ హోటల్ అని రాయి. ఎర్రగడ్డ దోసె అని కూడా రాయి. ఇప్పుడు ధర్మవరంలో నేస్తాండాది అని రాయి.”

అట్లాగే రాశాను. ఎప్పుడైనా ధర్మవరం పోయి, మా వదిన ఒప్పుకుంటే వంగి చూడండి. అక్షరాలు వంకరటింకరగా, ఒకటి పైకి ఒకటి కిందికి పోయి ఉంటాయి. ఆమె తొక్కుతూనే ఉంది, చెక్క కదులుతూనే ఉంది. అబద్ధమైతే తీరికగా, చక్కగా రాసేదాన్ని.